మఖ్మల్ కుర్తా ఎడమ చెయ్యి

నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను గట్టిగా తిట్టిన గుర్తు ఒక్కటీ లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. మా ఉప్పుగూడ గల్లీలో మిగతా పిల్లలందరికీ మామూలు తల్లులే ఉండేవారు. హాయిగా తిట్టేవారు, వీపు మీద రెండు తగిలించేవారు, సాయంత్రానికి మర్చిపోయి అన్నం పెట్టేవారు. పేచీ అక్కడితో తీరిపోయేది. మా అమ్మ దగ్గర ఆ సుఖం లేదు. నేను ఏ వెధవ పనికి సిద్ధమైనా నిదానంగా నా మొహంలోకి చూసి, "నీ ఇష్టం బిడ్డా" అనేది. ఆ మాట విన్నాక ఆ పని చేయబుద్ధి అయ్యేది కాదు, చేయకుండా ఉండబుద్ధీ అయ్యేది కాదు.

అమ్మ పోయి ఏడాది దాటింది. ఇంటికి ఎవరు వచ్చినా, మీ అమ్మ దేవతమ్మా, పల్లెత్తు మాట అనలేదమ్మా అని కళ్ళు తుడుచుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. దేవత ఎట్లా ఉంటుందో దేవతతో ఒకే గదిలో పెరిగినవాళ్ళని అడగాలి. అమ్మ మీద నాకున్న ప్రేమ ఎంతో, ఆ మాట మీద నాకున్న కోపం కూడా అంతే. రెండూ ఏ రోజు ఎట్లా ముడిపడ్డాయో చెప్తాను.

మా బాపు రైల్వేలో పట్టాల మరమ్మతు పని చేసేవాడు. అమ్మ ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని గల్లీ అందరికీ జాకెట్లు, కుర్తాలు, పిల్లల గౌన్లు కుట్టేది. అమ్మకు చదువు రాదు. ఎవరి కొలతలు వాళ్ళవి ఒక దారానికి ముడులు వేసి గోడకు తగిలించేది. ఏ దారం ఎవరిదో ఆమెకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. కొన్ని గుడ్డలకు మాత్రం వెనక వైపు సుద్దతో ఒక బాణం గీసేది. ఆ బాణం మొన ఎటు ఉంటే కుర్తా తల అటు ఉండాలన్నమాట. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. మిషను తొక్కడం వచ్చింది, కాజాలు కుట్టడం వచ్చింది, పాత గుడ్డలు కత్తిరించడం వచ్చింది. కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టడానికి మాత్రం అమ్మ ఒప్పుకునేది కాదు. నేను అలిగేదాన్ని. ఆమె నవ్వేది.

మా ఇంటికి ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక ముస్లిం అమ్మాయి ఉండేది, ఆపా అని పిలిచేదాన్ని, అంటే అక్క అని. వయసులో నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నాకు సొంత అక్క లేదు కాబట్టి ఆమెనే అక్కగా చేసేసుకున్నాను. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మా ఇంట్లో పడేసి వాళ్ళింట్లో తేలేదాన్ని. ఆమె నాకు జడ వేసేది, గోరింటాకు పెట్టేది, ఉర్దూలో కథలు చెప్పి మధ్యలో తెలుగులోకి దూకేది. ఒకరు మాట మొదలుపెడితే పూర్తి కానివ్వని మనిషి. మనం సగం చెప్పేలోపల మిగతా సగం ఆమే చెప్పేసేది, తప్పుగా చెప్పేది, మళ్ళీ ఆమే నవ్వేది.

ఆ చలికాలం ఆపా పెళ్ళి కుదిరింది. పెళ్ళి తర్వాత జరిగే వలీమా విందుకు వేసుకోవాలని ముదురాకుపచ్చ మఖ్మల్ గుడ్డ తెచ్చుకున్నారు. పత్థర్‌గట్టీ బట్టల బజారులో గుడ్డ తాను చివర మిగిలిన ముక్క అది. ఆ రంగు ఇంకెక్కడా లేదని దుకాణంవాడు చెప్పాడట. కొలిచినట్టు కుర్తాకు సరిపోతుంది, ఒక్క వేలెడు కూడా ఎక్కువ లేదు. ఆపా దాన్ని చెంపకు ఆనించుకుని మా అమ్మ చేతిలో పెట్టింది. పెళ్ళి జోడా పెళ్ళికొడుకు ఇంటి నుంచి వస్తుంది, ఇదొక్కటే తను సొంతంగా ఎంచుకున్న బట్ట అని చెప్పింది. ఆ మాట నేను కూడా విన్నాను. విని కూడా చేసిన నిర్వాకం ఇది.

అమ్మ ముందు భాగం, వెనక భాగం కత్తిరించి పెట్టింది. చేతులు రెండూ మిగిలాయి. ఆ మధ్యాహ్నం దబీర్‌పురాలో ఎవరో బంధువులకు బాగాలేదంటే చూడ్డానికి వెళ్ళింది. వెళ్తూ, ఆ గుడ్డ ముట్టుకోకు అని ఒక్క మాట అని ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. అనలేదు.

నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. కుర్తా చెయ్యి భుజం దగ్గర వెడల్పుగా, మణికట్టు దగ్గర సన్నగా ఉంటుంది కదా. ఒక చెయ్యి నిటారుగా, ఇంకో చెయ్యి తలకిందులుగా పెట్టి కత్తిరిస్తే రెండూ ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని కూర్చుంటాయి, కాస్త ముక్క మిగులుతుంది. నూలు గుడ్డలకు మా అమ్మే అట్లా చేయడం వందసార్లు చూశాను. ఆ మిగిలిన ముక్కతో ఆపాకు చిన్న బటువా సంచి కుట్టి పెళ్ళిరోజు ఇవ్వాలి, అందరూ ముక్కు మీద వేలేసుకోవాలి. చేతుల కోసం అమ్మ చేసి పెట్టిన కాగితం నమూనాను తలకిందులుగా పెట్టాను, సుద్దతో గీశాను, కత్తెర పెట్టాను. అమ్మ గీసిన బాణం నాకు కనబడింది. నూలు గుడ్డకు లేని పట్టింపు దీనికెందుకులే అనుకున్నాను.

ఎడమ చెయ్యి అచ్చు అమ్మ కోసినంత నున్నగా వచ్చింది. మురిసిపోయి తీసుకెళ్ళి ముందు భాగం పక్కన పెట్టాను. రంగు వేరుగా ఉంది. కుర్తా ఒళ్ళు లేత ఆకుపచ్చగా మెరుస్తోంది, చెయ్యేమో నలుపు తిరిగిన ఆకుపచ్చ. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను, వాకిట్లో ఎండలోకి తీసుకెళ్ళాను, తడిగుడ్డతో తుడిచాను. ఎన్ని చేసినా అంతే. అప్పుడు చేత్తో నిమిరి చూస్తే అర్థమయింది. మఖ్మల్‌కు పిల్లి ఒంటి మీద బొచ్చులాగా ఒక వాలు ఉంటుంది. ఇటు నిమిరితే నున్నగా ఉంటుంది, అటు నిమిరితే చేతికి అడ్డం తగులుతుంది. వాలు తిరిగితే రంగే తిరుగుతుంది. అమ్మ బాణం దానికోసం.

అమ్మ వచ్చేసరికి నేను ఆ ముక్క ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. చూసింది. కాళ్ళు కడుక్కుంది, మంచినీళ్ళు తాగింది, చేతులు కొంగుకు శుభ్రంగా తుడుచుకుని వచ్చి ఆ ముక్కను పైకి ఒకసారి, కిందికి ఒకసారి నిమిరింది. నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడేం చేద్దామమ్మా అని అడిగాను. "ఏం జేస్తవు? నీ ఇష్టం బిడ్డా" అంది.

గుడ్డలోనే లోపం ఉందని చెప్దామన్నాను. దుకాణంవాడే రెండు రంగుల ముక్క అంటగట్టాడని చెప్దామన్నాను. తడిసి రంగు మారిందని కూడా అన్నాను. ఆ పూట నా బుర్ర అబద్ధాలు అల్లడంలో పనిచేసినంత చురుకుగా లెక్కల పరీక్షలో ఏనాడూ పనిచేయలేదు. అన్నిటికీ అమ్మ తల ఊపింది.

"గట్లనే చెప్పు మరి."

"నమ్ముతదా అమ్మా?"

"నమ్మక ఏం జేస్తది. నువ్వంటే పానం గదా ఆమెకు. నువ్వు ఏం చెప్పినా నమ్ముతది."

చూశారా, ఎంత నెమ్మదిగా కోసిందో. చెంపదెబ్బ కొట్టినా అంత తగలదు. నువ్వే పోయి చెప్పమ్మా, నువ్వు పెద్దదానివి కదా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. కత్తెర పట్టింది తను కాదు కాబట్టి చెప్పాల్సింది కూడా తను కాదంది. చెప్పినా, చెప్పకున్నా, ఎట్లా చెప్పినా నా ఇష్టమేనంది. అక్కడితో పొయ్యి దగ్గరికి వెళ్ళి జొన్నరొట్టెలు చేసుకుంది. నేను రొట్టె ముట్టలేదు. ఆమె మాత్రం కడుపునిండా తిన్నది, అది కూడా గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ బిందె తీసుకుని నల్లాకు వెళ్ళింది. మామూలు కంటే చాలా ఆలస్యంగా వచ్చింది. వరస పెద్దగా ఉందని చెప్పింది. నా గోల నాది, నేను పట్టించుకోలేదు. ఆ చెయ్యి ముక్క మడిచి పట్టుకుని బయలుదేరాను. మా గడపకూ వాళ్ళ గడపకూ మధ్య పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగుల్లో పన్నెండు అబద్ధాలు తయారుచేశాను. పదమూడోది ఉండి ఉంటే నేను ఇవాళ ఇది రాసేదాన్ని కాదు.

ఆపా తఖ్తా బల్ల మీద కూర్చుని గోటా పట్టీ చుట్టలు చుట్టుకుంటోంది. కుర్తా అంచులకు తన చేత్తోనే కుట్టుకోవాలని తెచ్చుకున్న జరీ పట్టీ అది. నన్ను చూసి రమ్మంది, పక్కన కూర్చోమంది, ఆ తర్వాత నోరు విప్పలేదు. నేను నేల చూపులు చూస్తూ, అమ్మ ఇంట్లో లేనప్పుడు కత్తెర పట్టిన దగ్గర మొదలుపెట్టాను. బటువా సంగతి చెప్పాను. బాణం చూసి కూడా పట్టించుకోలేదని చెప్పాను. అబద్ధాలు ఏమేం అనుకున్నానో అవి కూడా చెప్పేశాను, ఏడుపులో ఏది దాచాలో తెలియలేదు. ఎవరినీ మాట పూర్తి చేయనివ్వని ఆపా మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అది కోపమనుకుని నేను ఇంకా బిగుసుకుపోయాను.

చివరికి ఆ ముక్క తీసి ఆమె మోకాలి మీద పెట్టాను. ఆమె మొహం పాలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముక్కను వేళ్ళతో అటూ ఇటూ నిమిరి, "ఔర్ అబ్? ఇంక ఏం చేద్దామే?" అంది. నాకు తెల్వదు ఆపా అన్నాను. నిజంగానే తెలియదు. నా జీవితంలో అంత ఖాళీ చేతులతో ఎవరి ముందూ కూర్చోలేదు. ఆమె దుపట్టా చెంగుతో ముందు నా మొహం తుడిచింది, తర్వాత తన మొహం తుడుచుకుంది, నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది.

మా అమ్మ మిషను తొక్కుతోంది. తల కూడా ఎత్తలేదు. "రెండో చెయ్యి గూడ గట్లనే కోద్దాం బిడ్డా. చేతులు రెండు ముదురుగ, ఒళ్ళు లేతగ ఉంటది. నీకు నచ్చితెనే. నచ్చకుంటె ఆ చేతులకు వేరే గుడ్డ ఏస్తా" అంది. అని, మిగిలిన ముక్కను తలకిందులుగా తిప్పి, కోసిన చెయ్యి పక్కన పరిచి, రెండింటినీ కుర్తా ఒంటికి ఆనించి చూపించింది. కావాలని చేసినట్టే ఉంది. ఇంకా అందంగా ఉంది. ఆపా చాలాసేపు చూసి, ఏడుపు మొహంతోనే నవ్వి, కోయమని చెప్పింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాకు సంతోషం రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఈ మహాతల్లికి నిన్ననే తెలుసు. ఆ ముక్కను పైకి ఒకసారి, కిందికి ఒకసారి నిమిరినప్పుడే తెలుసు. తెలిసి నోరు మూసుకుని రొట్టెలు చేసుకుని తిన్నది. నేను రాత్రంతా దుప్పటి నములుతుంటే పక్కనే గుర్రుపెట్టి నిద్రపోయింది. ఆపా వెళ్ళిపోగానే లొల్లి పెట్టాను. ముందే ఎందుకు చెప్పలేదని మిషను చక్రం పట్టుకుని ఆపేశాను. అమ్మ దారం తెగకుండా సూది పైకి లేపి, అప్పుడు నా వైపు తిరిగింది.

"తప్పుకు మందు ముందే చెప్తే నువ్వు పోయి మందే చెప్తువు. తప్పు చెప్పకపోదువు. ఆపా, నీకొక కొత్త ఫ్యాషన్ తెచ్చిన అందువు."

నిజం. అక్షరాలా అట్లాగే అని ఉండేదాన్ని. నా గురించి నాకంటే ఆమెకే బాగా తెలియడం ఇంకా మంట పుట్టించింది.

అక్కడితో అయిపోయిందా అంటే అదీ లేదు. వలీమాలో ఆ కుర్తాను అందరూ తెగ మెచ్చుకున్నారు. తర్వాత నెలరోజులు, మాకూ అట్లాంటిదే కుట్టమని మనుషులు వచ్చారు. తల్లి అన్నాక ఏం చెప్పాలి, మా పిల్ల చేతి నేర్పు అని గర్వంగా చెప్పుకోవాలి కదా. మా అమ్మ వచ్చిన ప్రతి ఒక్కరికీ, "గది నేర్పు గాదమ్మా, మా పిల్ల వాలు చూడకుంట కోసింది" అని విడమరిచి చెప్పింది. వాళ్ళు నవ్వేవారు. నేను తలుపు చాటున పళ్ళు కొరికేదాన్ని. ఆ కుర్తాలన్నిటి చేతులూ నాతోనే కోయించింది, అది వేరే సంగతి.

ఆ రోజు నుంచి నాకు ఒక జబ్బు పట్టుకుంది. తప్పు చేస్తే అది చెప్పేదాకా అన్నం సయించదు. నేను సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. ఒకసారి ముఖ్యమైన ఫైలు నా అజాగ్రత్త వల్ల పోయింది. అందరూ కలిసి నోరులేని ప్యూను మీదికి నెడుతున్నారు, పెద్దసారు కూడా అదే నమ్మేట్టున్నాడు. ఊరుకుంటే నాకేమీ కాదు. కానీ చెవిలో ఆ గొంతు, నీ ఇష్టం బిడ్డా. లేచి నిలబడి నా దగ్గరే పోయింది సార్ అన్నాను. ఆ ఏడు నాకు రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను, నీవల్లే ఇదంతా అని. అమ్మ చాయ్ కప్పు నా ముందు పెట్టి, ప్యూను ఇంట్లో పిల్లలెందరని అడిగింది. అట్లాంటి మనిషితో ఏం కొట్లాడతాం.

పోయినేడు అమ్మ వెళ్ళిపోయింది. ఎనభై తొమ్మిదేళ్ళు. ఎవరికీ కష్టం ఇవ్వలేదు. పదో రోజున ఆపా వచ్చింది. ఇప్పుడు దబీర్‌పురాలో కొడుకు దగ్గర ఉంటోంది, మోకాళ్ళు అరిగిపోయాయి, చేతికర్ర పట్టుకుని మనవడి భుజం ఆసరాతో మెట్లెక్కింది. నా పక్కన కూర్చుని అమ్మ మిషను మీద చెయ్యి వేసింది. మఖ్మల్ కుర్తా సంగతి ఎత్తింది. నేను కూడా నవ్వి, ఆ రోజు మా అమ్మ నన్ను ఒంటరిగా నీ మీదికి తోలేసింది ఆపా, ఆ కోపం నాకు ఇంకా పోలేదు అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఒంటరిగ ఏడ తోలిందే? ఆ పొద్దుగాల నల్లా కాడ నన్ను పక్కకు పిలిచింది. మా పిల్ల ఏదో చెప్తందుకు వస్తది, మొత్తం చెప్పేదాంక నడుమ నోరు తెరవకు అన్నది. చెప్పకుంటె నువ్వు అడగకు, సతాయించకు, పోనియ్యి అన్నది. ఏం సంగతో చెప్పనే లేదు. నా బట్ట ఖరాబైందని నీ నోటెంటనే తెలిసింది నాకు."

వరస పెద్దగా ఉందని చెప్పింది నాతో. అమ్మ నోటి నుంచి నేను పట్టుకున్న ఒకే ఒక్క అబద్ధం అది, అది కూడా నేను నిలదీయడానికి ఆమె లేకుండా పోయిన పది రోజులకు. యాభై ఏళ్ళ పైన నేను ఆమెను రాతి గుండె అనుకున్నాను. ఆమె నాకంటే ముందు వెళ్ళి ఆ గడప మెత్తగా చేసి వచ్చింది. చెప్పకుంటే అడగకు అందంటే, నీ ఇష్టం అన్న మాట నిజంగానే అన్నది, బెదిరించడానికి కాదు. నేను అబద్ధం చెప్పినా, చెప్పకుండా తిరిగొచ్చినా నాకు ఆ ఇంట్లో పరువు పోకుండా చూసుకుంది. మరి అవన్నీ నాకు చెప్పొద్దా? ఇప్పుడు ఎవరితో లొల్లి పెట్టుకోవాలి? ఆపా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

తప్పు చేస్తే మన కాళ్ళతో మనమే వెళ్ళి చెప్పాలని అమ్మ నేర్పిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది సగమే. చెప్పడానికి వచ్చినవాళ్ళ ముందు నోరు మూసుకుని కూర్చోవడం రెండో సగం. మొదటి సగం నాకు బాగానే వచ్చింది. రెండోది, నాలాంటి నోరున్నదానికి, ఈ వయసులో నేర్చుకోవడమంటే ప్రాణం మీదికి వచ్చింది.

నిన్న సాయంత్రం నేను అమ్మ మిషను మీద దిండు గలీబులు కుడుతున్నాను. తొమ్మిదేళ్ళ మా మనవరాలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గుమ్మంలో వచ్చి నిలబడింది. బల్ల మీద ఉండాల్సిన నా దూరపు చూపు కళ్ళజోడు లేదు. ఏంది అది, చూపియ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మిషను ఆపి, సూది పైకి లేపి, మాట మింగేశాను. పిల్ల కాసేపు వేళ్ళతో గడప గీకింది. ఒకసారి వెనక్కి వెళ్ళిపోబోయింది. నేను పిలవలేదు. మళ్ళీ తనే తిరిగొచ్చి, నానమ్మా అని మొదలుపెట్టింది. మధ్యలో నాలుగుసార్లు అడ్డం పడబోయి నాలుక కొరుక్కున్నాను. చివరిదాకా విన్నాను. ఇది ఇంత కష్టమని మా అమ్మ నాకు ముందే ఎందుకు చెప్పలేదో.